ఇన్విజిలేటర్ లేని పరీక్ష

ఇంట్లో ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లలుంటే ఈ మెయిల్ ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ‘ఆన్‌లైన్ అసెస్‌మెంట్‌కు మీరు ఎంపికయ్యారు. ఈ లింకు ఆదివారం రాత్రి 12 వరకే పనిచేస్తుంది.’ హాల్ టికెట్ ఉండదు. సెంటరు వెతుక్కునే పని లేదు, నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారన్న భయమూ లేదు. గది తలుపు దగ్గరకేసి లాప్‌టాప్ తెరిస్తే అదే పరీక్ష హాలు. తెర పైమూల సమయం తరిగిపోతుంటుంది. రైలు లెక్కలు, నీళ్ల ట్యాంకు లెక్కలు, తర్వాత ఏ బొమ్మ రావాలో చెప్పమనే ప్రశ్నలు, ఒక ఇంగ్లిష్ పేరా, చివర్లో రెండు కోడింగ్ ప్రశ్నలు. చేతికందేంత దూరంలో ఫోను. పక్క గదిలో, నిరుడే ఇలాంటి పరీక్ష గట్టెక్కి ఉద్యోగంలో చేరిన అన్నయ్య.

ఇలా వచ్చిన మార్కును కంపెనీ ఎంతవరకు నమ్మొచ్చు? వినగానే ‘అస్సలు నమ్మకూడదు’ అనిపిస్తుంది. ఉద్యోగుల ఎంపికను అధ్యయనం చేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నతో దాదాపు రెండు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. వాళ్ల పరిశోధనలు చదివితే నాకు తేలింది ఒకటే: ఆ మార్కుతో ఏం చేయబోతున్నారన్నదాన్ని బట్టే దాని విలువ ఉంటుంది.

కంపెనీలు ఈ దారి ఎందుకు పట్టాయో చెప్పనక్కర్లేదు. ఫ్రెషర్లు కావాలని ఒక్క ప్రకటన ఇస్తే దరఖాస్తులు కుప్పలుతెప్పలుగా వచ్చిపడతాయి. అందరికీ సెంటర్లు, కంప్యూటర్లు, ఇన్విజిలేటర్లు ఏర్పాటు చేయాలంటే తడిసి మోపెడవుతుంది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో హైదరాబాద్ వచ్చి రాయాలంటే బస్సు చార్జీ, లాడ్జి అద్దె అభ్యర్థి నెత్తిన పడతాయి. అందుకే ఆన్‌లైన్ పరీక్షలు తయారుచేసి అమ్మడం మన దేశంలోనూ పెద్ద వ్యాపారమైంది. ‘ఆమ్‌క్యాట్’ పరీక్షతో పేరు తెచ్చుకున్న ఆస్పైరింగ్ మైండ్స్‌ను 2019లో ఎస్‌హెచ్‌ఎల్, గురుగ్రామ్ కంపెనీ మెటిల్‌ను 2018లో మెర్సర్ కొనుక్కున్నాయి. కోవిడ్ వచ్చాక ఇక వేరే మార్గమే లేకపోయింది.

అంతర్జాతీయ పరీక్షల కమిషన్ 2005లో రూపొందించిన మార్గదర్శకాలు కంప్యూటర్ పరీక్షలను నాలుగు రకాలుగా విడగొట్టాయి. ఎవరైనా వచ్చి రాసుకునే ‘మీ ఐక్యూ ఎంత’ బాపతువి మొదటి రకం. లాగిన్, పాస్‌వర్డ్ ఇచ్చి ఫలానా వ్యక్తికే పంపుతారు గానీ రాసేటప్పుడు చూసే మనిషి ఉండడు, అది రెండోది. మెయిల్‌లో వచ్చిన లింకు ఈ కోవలోదే. మూడో రకంలో మనిషి ఉంటాడు, గుర్తింపు కార్డు చూసి కూర్చోబెడతాడు. నాలుగోది పూర్తిగా సంస్థ అదుపులో నడిచే పరీక్ష కేంద్రం. ఇప్పుడు మనకు అలవాటైన వెబ్‌క్యామ్ కాపలా రెండుకూ మూడుకూ మధ్య ఎక్కడో వేలాడుతోంది. 2006లో నాన్సీ టిపిన్స్ సహా ఏడుగురు అమెరికన్ నిపుణులు ‘పర్సనెల్ సైకాలజీ’ పత్రికలో ఈ రెండో రకం పరీక్ష మంచిచెడ్డల మీద పెద్ద చర్చే చేశారు. ఏకాభిప్రాయం మాత్రం కుదరలేదు.

కాపలా ఉన్నంత మాత్రాన పరీక్ష పవిత్రమైపోదని తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ సహా పలు పరీక్షలు రద్దయ్యాయి. హాల్లో ఇన్విజిలేటర్లకు లోటు లేదు. పేపరు హాలుకు రాకముందే బయటికొచ్చింది. పరీక్షలో దొంగతనం మూడు రకాలని గుర్తుపెట్టుకుంటే ఈ గందరగోళం తగ్గుతుంది: ఒకరి బదులు మరొకరు రాయడం, జవాబులు కాజేయడం, ప్రశ్నలనే కాజేయడం. ఇన్విజిలేటర్ మొదటి రెండింటినే ఆపగలడు. మూడోదానికి మందు ప్రశ్నల నిధి. వేల ప్రశ్నలను ముందే కొలిచిపెట్టుకుని, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పేపరు అప్పటికప్పుడు కూర్చి ఇస్తారు. కొలవడమంటే, ఏ ప్రశ్న ఎంత కఠినమైనదో, తెలిసినవాణ్ని తెలియనివాడి నుంచి ఎంత బాగా వేరుచేస్తుందో, గుడ్డిగా కొడితే తగిలే అవకాశమెంతో లెక్కగట్టడం. ఇద్దరికి ఒక్క ప్రశ్నా కలవకపోయినా ఇద్దరి మార్కులనూ ఒకే కొలబద్ద మీద పెట్టొచ్చు. కాపలా లేని పరీక్ష వచ్చాక ఇది తప్పనిసరైంది. అందరికీ ఒకే పేపరు పంపితే శుక్రవారం రాసినవాడి స్క్రీన్‌షాట్లు శనివారానికి టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతాయి.

మరి ఇంట్లో రాస్తే మార్కులు నిజంగా ఎంత పెరుగుతాయి? జర్మన్ పరిశోధకులు స్టీగర్, ష్రోడర్స్, గ్నాంబ్స్ 2020లో 49 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. కాపలా ఉన్న పరీక్షకూ లేనిదానికీ సగటు తేడా 0.20 ప్రామాణిక విచలనం. మామూలు మాటల్లో చెబితే, హాల్లో సరిగ్గా మధ్యలో నిలిచే మనిషి, తన ఇంటి మార్కు పట్టుకెళ్లి హాల్లో రాసినవాళ్ల మధ్య కూర్చుంటే, వందలో 50 మందిని కాక 58 మందిని దాటినట్టు కనిపిస్తాడు. అనుకున్నంత ఘోరం కాదు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే జవాబుల దగ్గర తేడా ఎక్కువ. బొమ్మల వరుసను పట్టుకోమనే ప్రశ్నల్లాంటివి వెతకడానికి లొంగవు కాబట్టి అక్కడ తక్కువ.

ఈ అంకె చూసి పరీక్షలు అమ్మేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ సగటు అసలు సంగతిని దాచేస్తుంది. చిన్న లెక్క వేసుకుందాం. అంకెలు ఊహించినవే, గణితం మాత్రం నిజం. వెయ్యి మంది పరీక్ష రాశారు. వారిలో 900 మంది సొంతంగా రాశారు. 100 మంది ఎవరి సాయమో తీసుకుని తమ అసలు స్థాయికన్నా ఒక ప్రామాణిక విచలనం మేర ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. మొత్తం మీద సగటు 0.1 మాత్రమే పెరుగుతుంది, ఎవరి కంటికీ ఆనదు. ఇప్పుడు కంపెనీ పైనుంచి 50 మందిని తీసుకుందనుకోండి. లెక్క కడితే అందులో దాదాపు 20 మంది ఆ వందమంది తాలూకే. పదో వంతు మంది ఐదింట రెండు వంతుల సీట్లు పట్టుకుపోయారు. వాళ్లు లేకుంటే ఆ సీట్లలో ఉండాల్సిన వాళ్లకు తమకేం జరిగిందో ఎప్పటికీ తెలియదు. ‘ఈసారి కటాఫ్ ఎక్కువైందట’ అనుకుంటారు, అంతే.

అదే వెయ్యి మందిలో కంపెనీ పైసగాన్ని మాత్రమే తర్వాతి రౌండుకు పంపి, మిగతావాళ్లను వద్దనుకుందనుకోండి. ఆ 500 మందిలో సాయం తీసుకున్నవాళ్లు సుమారు 82 మంది. అంటే 16 శాతం. పరీక్ష అదే, దొంగలూ వాళ్లే, నష్టం మాత్రం ఎంతో తగ్గింది. నేననేది అందుకే: కాపలా లేని పరీక్ష జల్లెడగా పనికొస్తుంది, తక్కెడగా పనికిరాదు. అసలేమీ రానివాళ్లను పక్కనపెట్టడానికి సరే. ఒక్కో మార్కు తేడాతో ర్యాంకులు వేసి, ఆ ర్యాంకును బట్టి ఆఫర్ లెటర్, అందులోని ప్యాకేజీ నిర్ణయించడం మాత్రం అన్యాయం.

అయితే కెమెరా పెడితే సరిపోదా? చాలా కంపెనీలు ఇదే అనుకున్నాయి. తల పక్కకు తిప్పితే ఎర్ర జెండా, గదిలో మరో గొంతు వినిపిస్తే ఎర్ర జెండా, మరో ట్యాబ్ తెరిస్తే ఎర్ర జెండా. సాఫ్ట్‌వేర్ పదిమంది దొంగల్లో ఎనిమిది మందిని పట్టుకుంటుందని, నిజాయతీపరుల్లో పదింట ఒకరిని మాత్రమే పొరపాటుగా అనుమానిస్తుందని ఉదారంగా అనుకుందాం. పై వెయ్యి మందిలో 80 మంది దొంగలు చిక్కుతారు, 90 మంది అమాయకులూ చిక్కుతారు. జెండా పడినవాళ్లలో సగానికి మించి తప్పు చేయనివాళ్లే. రెండు గదుల ఇంట్లో నలుగురు బతికే చోట అమ్మ పిలుపు, కుక్కర్ విజిల్, కరెంటు పోవడం అన్నీ అనుమానాస్పద కదలికలే అవుతాయి. కెమెరా కోణానికి అందకుండా అతికించిన చీటీ మాత్రం హాయిగా తప్పించుకుంటుంది. గదంతా కెమెరాతో తిప్పి చూపించమనడంపై అమెరికాలో కోర్టుకు వెళ్లారు. క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ఒక విద్యార్థి గదిని అలా స్కాన్ చేయించడం రాజ్యాంగ విరుద్ధమని 2022లో ఫెడరల్ కోర్టు తేల్చింది. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి ఆ తీర్పు వచ్చింది, ప్రైవేటు కంపెనీలకు అదే వర్తిస్తుందనుకోనక్కర్లేదు. కానీ ఉద్యోగం రాకముందే పడగ్గది చూపించమనడం కంపెనీలకు మర్యాదేనా?

నాకు అన్నింటికన్నా నచ్చిన పద్ధతి అమెరికన్ సైన్యానిది. అక్కడ చేరాలంటే ‘ఆజ్‌వాబ్’ అనే పరీక్ష రాయాలి. దానికి ఇంటి నుంచి రాసుకునే రూపం ఒకటుంది, పేరు పైక్యాట్. రిక్రూటర్ కోడ్ ఇస్తాడు, అభ్యర్థి తన ఇంట్లో, కాపలా లేకుండా రాస్తాడు. తర్వాత కేంద్రానికి వచ్చి ఇన్విజిలేటర్ ముందు చిన్న నిర్ధారణ పరీక్ష రాయాలి. అది సాధారణంగా 25 నుంచి 30 నిమిషాల్లో అయిపోతుంది. రెండూ పొసిగితే ఇంటి మార్కే అధికారిక మార్కు. పొసగకపోతే పూర్తి ఆజ్‌వాబ్ రాయాలి. ఎవరినీ దొంగ అనరు, విచారణ పెట్టరు. ఇంటి మార్కును పక్కనపెట్టి, హాల్లో రాసిన మార్కును లెక్కలోకి తీసుకుంటారు. అభ్యర్థి పరువూ పోదు, సైన్యానికి కావలసిన కొలతా దక్కుతుంది.

ఒక్క అరగంటలో మనిషి అసలు స్థాయి ఎలా తెలుస్తుందన్న అనుమానం రావచ్చు. నిర్ధారణ పరీక్ష చేయాల్సిన పని అది కాదు. ‘ఇంటి మార్కు నమ్మదగ్గదేనా’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబిస్తే చాలు. ఇలాంటి ప్రశ్నలకు సరిగ్గా సరిపోయే గణితాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ కనిపెట్టాడు. మందుగుండు సామగ్రి నాణ్యతను వీలైనంత తక్కువ నమూనాలతో తేల్చడం అప్పటి అవసరం. ఇన్ని పరీక్షించాలని ముందే అనుకోకుండా, ఒక్కోటీ చూస్తూ, నమ్మకం కుదిరిన క్షణాన ఆపేయడమే ఆయన పద్ధతి. 1947లో పుస్తకంగా వచ్చింది. వాల్డ్‌కు మన దేశంతో విషాదకరమైన బంధం ఉంది. భారత ప్రభుత్వ ఆహ్వానంపై ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను చూసి, 1950 డిసెంబర్ 13న నీలగిరుల్లో విమానం కూలి భార్యతో సహా మరణించాడు.

ఆయన లెక్కను ఒక అభ్యర్థి మీద వేసి చూద్దాం. ఇంటి మార్కు నిజమే అయితే, నిర్ధారణ పరీక్షలో ఇచ్చే ఒక్కో ప్రశ్నకూ ఆమె సరైన జవాబు చెప్పే అవకాశం 0.8 అనుకోండి. ఆ మార్కు ఎవరి సాయంతోనో వచ్చినదైతే 0.4. ఆమె ఒకటి సరిగా చెప్పిందంటే ‘నిజమైన మార్కే’ అన్న వాదన బలం 0.8ని 0.4తో భాగించినంత, అంటే రెట్టింపవుతుంది. తప్పు చెప్పిందంటే 0.2ని 0.6తో భాగించాలి, అంటే బలం మూడో వంతుకు పడిపోతుంది. బలం 1 దగ్గర మొదలుపెట్టి, 20 దాటితే నమ్ముదాం, ఇరవయ్యో వంతుకు దిగితే పూర్తి పరీక్ష పెడదాం అని ముందే గీత గీసుకోవాలి. వరుసగా ఐదు సరైతే 2, 4, 8, 16, 32. ఐదో ప్రశ్నకే పని అయిపోయింది. ఒకటి ఒప్పు, రెండు తప్పు, మళ్లీ ఒకటి ఒప్పు, రెండు తప్పు అనుకోండి: 2, మూడింట రెండు, తొమ్మిదింట రెండు, తొమ్మిదింట నాలుగు, 27లో నాలుగు, 81లో నాలుగు. చివరిది ఇరవయ్యో వంతు కన్నా కాస్త తక్కువ. ఆరో ప్రశ్న దగ్గర తేలిపోయింది. వాస్తవంలో ఒక్కో ప్రశ్నకు అవకాశాలు వేరువేరుగా ఉంటాయి, ఎటూ తేలని అభ్యర్థికి ఇంకొన్ని ప్రశ్నలు పడతాయి. సూత్రం మాత్రం ఇదే.

ఈ పద్ధతిని అరకొరగా అర్థం చేసుకుని వాడితే ఒక ప్రమాదముంది. ఇంట్లో 90 వచ్చిన అమ్మాయికి ఆఫీసులో 82 వచ్చాయనగానే మోసమని తేల్చేసే హెచ్‌ఆర్ మేనేజర్లుంటారు. ఏ పరీక్షలోనైనా చాలా ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లలో ఆ రోజు అదృష్టం కలిసొచ్చినవాళ్లు కొందరుంటారు. రెండోసారి రాస్తే ఆ అదృష్టం అంతే మోతాదులో రాదు కాబట్టి, నిజాయతీగా రాసినా ఆ గుంపు సగటు కిందికే జారుతుంది. దానికి తోడు కొత్త చోటు, కొత్త కంప్యూటర్, గుండె దడ. ఈ సహజమైన తగ్గుదలను లెక్కలో కలుపుకున్నాకే గీత గీయాలి. అప్పుడు కూడా కొందరు నిజాయతీపరులు గీత దిగువన పడతారు. వాళ్లకు పూర్తి పరీక్ష రాసే అవకాశం ఇవ్వడమే సైన్యం పద్ధతిలోని ప్రాణం. ‘మార్కులు సరిపోలలేదు, మీ దరఖాస్తు తిరస్కరించాం’ అనే మెయిల్ కొట్టే కంపెనీ ఆ పద్ధతి పేరు వాడుకుంటుందే తప్ప, పద్ధతిని పాటించినట్టు కాదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక పై పరిశోధనల్లో కొన్నిటికి కాలదోషం పట్టింది. 2020 నాటి ఆ 49 అధ్యయనాల్లో సాయమంటే గూగుల్ లేదా పక్కనున్న మనిషి. బొమ్మల ప్రశ్నలు వెతకడానికి దొరకవన్న ధీమా అప్పటిది. ఇప్పుడు ఫోన్‌తో ఫొటో తీస్తే జవాబుతోపాటు వివరణా వచ్చేస్తుంది. కోడింగ్ పరీక్షల్లో చూచిరాతను పట్టుకోవడానికి 1994 నుంచి వాడుకలో ఉన్న ‘మాస్’ లాంటి పరికరాలు, ఇద్దరి ప్రోగ్రాములు ఎంత పోలి ఉన్నాయో చూస్తాయి. ఏఐ అడిగిన ప్రతిసారీ కొత్తగా రాసి ఇస్తుంటే పోల్చేది దేనితో? కనీసం ఒక రౌండ్ ఇంటర్వ్యూ ముఖాముఖిగా ఉండేలా చూస్తున్నామని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. ఇంకొన్ని సంస్థలు ఏఐ వాడుకోండి అని ముందే చెప్పి, అది ఇచ్చిన జవాబులో తప్పు పట్టుకోగలరా అని చూస్తున్నాయి. ఉద్యోగంలో చేరాక ఎలాగూ చేయాల్సింది అదే కాబట్టి ఈ రెండో దారి నాకు సబబుగానే తోస్తుంది.

ఇంకో సంగతి. కాపలా గొడవలో పడి, అసలు ఈ మార్కు ఏం చెబుతుందన్నది మర్చిపోతాం. బుద్ధిబలం పరీక్షకూ, ఉద్యోగంలో పనితీరుకూ మధ్య సహసంబంధం 0.51 అని ష్మిట్, హంటర్ 1998లో లెక్కగట్టారు. ఎన్నో కంపెనీలు ఆ అంకెను పట్టుకునే ఈ పరీక్షలు కొన్నాయి. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలోని సవరణలు అతిగా ఉన్నాయంటూ తిరిగి కట్టి 0.31కి దించింది. అంటే మనిషికీ మనిషికీ పనితీరులో ఉండే తేడాల్లో దాదాపు పదో వంతునే ఆ మార్కు వివరిస్తుంది. అందరినీ ఒకే ప్రశ్నలతో, ఒకే పద్ధతిలో అడిగే ఇంటర్వ్యూకు వచ్చిన అంకె 0.42. ఆ 0.31 కూడా హాల్లో రాసిన స్వచ్ఛమైన మార్కు సంగతే.

ఫోన్‌లో రాసేవాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. అమెరికాలో లక్షల మంది ఉద్యోగార్థుల ఫలితాలు పరిశీలించిన విన్‌ఫ్రెడ్ ఆర్థర్ బృందం, మొబైల్‌లో రాసినవాళ్లకు బుద్ధిబలం పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయనీ, వ్యక్తిత్వ పరీక్షల్లో పెద్దగా తేడా లేదనీ 2014లో చూపించింది. ల్యాప్‌టాప్ కొనలేనివాడు, ఊళ్లో సిగ్నల్ కోసం డాబా ఎక్కేవాడు ఏ తప్పూ చేయకుండానే ఆ జల్లెడలోంచి జారిపోవచ్చు. కాలేజీ ల్యాబుల్లో ఆదివారం నాడు కంప్యూటర్లు ఖాళీగానే ఉంటాయి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు తలుచుకుంటే లింకు వచ్చినవాళ్ల కోసం ఆ ల్యాబు తెరిపించడం పెద్ద పని కాదు.

కంపెనీలను అడగాల్సింది కూడా కొండంత ఏమీ కాదు. ఇంటి పరీక్షను తొలి వడపోతకు మాత్రమే వాడండి. ముందుకు పంపినవాళ్లకు మీ కళ్లెదుట చిన్న నిర్ధారణ పరీక్ష పెట్టండి. అది ఉంటుందన్న సంగతి మొదటి మెయిల్‌లోనే రాయండి. తర్వాత దొరికిపోతానని తెలిసినవాడు ఇంట్లో అన్నయ్యను పిలవడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. వీడియో తీస్తే ఎందుకు తీస్తున్నారో చెప్పండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉద్దేశమూ అదే.

ఇక లింకు అందుకున్నవాళ్లకు ఒక మాట. ‘స్టార్ట్’ నొక్కేముందు సూచనల పేజీ చివరిదాకా చదవండి. కాలిక్యులేటర్, ఏఐ వాడొచ్చో లేదో, మళ్లీ ఎదురుగా పరీక్ష ఉంటుందో లేదో, కరెంటు పోతే మరో అవకాశం ఇస్తారో లేదో, తీసిన వీడియో ఎన్నాళ్లు దాస్తారో అందులో ఉండాలి. లేకపోతే పరీక్ష మొదలుపెట్టకముందే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి, వచ్చిన జవాబు దాచుకోండి.